నర్సమ్మ కాపురము

ఎరువు బస్తా ధర పది రూపాయలు పెరిగినచో మన సంఘ కార్యాలయపు అరుగుమీద నాలుగు దినములు చర్చ జరుగును. కాలువకు నీరు ఒక వారము ఆలస్యముగా వదలినచో పదిమంది కలసి ఇంజనీరుగారి యొద్దకు పోవుదురు. కాని ఊరిలోని ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మ బదిలీ కోరుకొని వెడలిపోయినచో, "పోయినదా? మరియొకతె వచ్చునులే" అని ఊరకుందుము. ఆ మరియొకతె వచ్చులోపల ఎందరు పసిబిడ్డలకు టీకాలు తప్పినవో, ఏ చూలాలికి రక్తము తగ్గినదో లెక్క చూచువారు ఉండరు. చేనికి నీరు ఎట్టిదో, చేనుగలవాని యింటికి నర్సమ్మ అట్టిదని మా యభిప్రాయము. కావున ఈ మాసము పంటల సంగతి కొంత తగ్గించి, ఆమె బ్రదుకును గూర్చి సభ్యులకు విన్నవింపదలచితిమి.

మేము వ్రాయునది ఒక్క యువతిని గూర్చి కాదు. గోదావరి డెల్టాలో ఏ మండలమునకు పోయినను ఇట్టి యామె కనబడును. వయస్సు ఇరువదియేడు, ఇరువదియెనిమిది. పెండ్లియై నాలుగైదేండ్లు. ఇంట రెండేండ్ల బిడ్డ, భర్త, అత్తగారు. భర్త మూడెకరములు కౌలుకు చేయుచుండును. ఆమె ఇంటరు చదివి, రెండేండ్లు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి ఉద్యోగమున చేరినది. ప్రభుత్వపు కాగితములలో ఆమె ఏ.ఎన్.ఎం.; ఊరివారి నోట నర్సమ్మ. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమైనపుడు ఇట్టివారు వేలకొలది చేరిరి. మైదాన ప్రాంతమున 5,000 జనమునకు, కొండ ప్రాంతమున 3,000 జనమునకు ఒక ఉపకేంద్రము ఉండవలెనని లెక్క. అనగా ఒక పెద్ద గ్రామము, దాని చుట్టునున్న పేటలు, కాలువగట్టు గుడిసెలు, ఒక్కొక్కచోట ఏటి నడుమ లంక, ఇన్నియు ఆమె పాలివియే.

ఆమె వేకువ నాలుగున్నరకు లేచును. నీటి వంతు రాత్రి పడిన దినములలో భర్త అప్పుడే గట్టునుండి వచ్చి కాళ్ళు కడుగుకొనుచుండును. గేదె పాలు పిదుకుట అత్తగారి పని. అన్నము, కూర వండి, బిడ్డకు స్నానము చేయించి, క్యారియరు సర్దుకొని, ఎనిమిది గంటలు కాకముందే ఆమె బయలుదేరవలెను. ఇంతవరకు మన యిండ్ల ఆడువారందరును చేయునదే. భేదము ఆ తరువాత వచ్చును.

మన ప్రాంతమున బుధ, శనివారములు టీకాల దినములు. ఆ ఉదయము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి టీకా మందులు నీలపు పెట్టెలో వచ్చును. ఆ పెట్టె లోపల నాలుగు మంచు దిమ్మెలు ఉండును. మందు 2 డిగ్రీలకు తగ్గరాదు, 8 డిగ్రీలకు మించరాదు. ఎండ తగిలిన చెడునని అందరికిని తెలియును. గడ్డకట్టినను చెడునని కొందరికే తెలియును. అందుచేత దిమ్మెలను గడ్డపెట్టెనుండి తీసిన వెంటనే లోన పెట్టరు. పైన చెమ్మ పట్టి, చెవి యొద్ద ఊపినచో లోన నీటి చప్పుడు వినబడువరకు బయట ఉంచి, పిదప పెట్టుదురు. పాల కేంద్రమునకు పాలు పోయువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఒక గంట ఆలస్యమైనచో పాలు విరిగిపోయి, ధర రాక, డబ్బా తిరిగి ఇంటికి వచ్చును. పాలు విరిగినచో కంటికి కనబడును గదా! టీకా మందు చెడినచో చాలవరకు కంటికి కనబడదు. నర్సమ్మ జాగ్రత్త ఒక్కటియే దానికి సాక్ష్యము.

మరియొక చిక్కు కలదు. క్షయకు వేయు బి.సి.జి., తట్టు, రుబెల్లాలకు వేయు టీకా పొడి రూపమున వచ్చును. ద్రవము కలిపిన తరువాత నాలుగు గంటలు మాత్రమే వాడవచ్చును. తరువాత మిగిలినది పారవేయవలసినదే. తొమ్మిది నెలలు నిండిన బిడ్డలు ఊరిలో ఆరుగురు ఉన్నారని ఆమె జాబితా వ్రాసికొని కూర్చుండును. నాట్ల దినములైనచో తల్లులు ఆరు గంటలకే చేలకు పోయియుందురు. ఇంట ఉన్న ముసలమ్మ, "కోడలు లేనిది సూది వేయించినచో నన్ను కోపించును, రాత్రి జ్వరము వచ్చినచో ఎవరు మేలుకొందురు?" అనును. ఆమె మాట నిజమే. మరునాడు నాటునకు పోవలసిన తల్లి రాత్రి మేలుకొనియుండుట కష్టమే. నర్సమ్మ కోపగింపక, ఆశా కార్యకర్తను తోడు తీసికొని గట్టువెంట నడచి, బురదలో వంగియున్న తల్లిని పిలిచి, జ్వరము వచ్చినచో ఏ మాత్ర ఎంత వేయవలెనో చెప్పి, ఒప్పించి తీసికొని రావలెను. సూది వేసిన పిదప అరగంట అచ్చటనే కూర్చుండబెట్టవలెను. ఆ అరగంటకు కూలి మేస్త్రి గొణుగును. ఆ మేస్త్రికి పని యొప్పగించినవారు మన సభ్యులే!

ఈ నడకల ఫలము చిన్నదని ఎవరును తలంపరాదు. పోలియోచే కాలు చచ్చిన బిడ్డ ప్రతి యూరిలోను ఉండిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. దేశమున పోలియో చుక్కల ఉద్యమము 1995లో ప్రారంభమయ్యెను. కడపటి పోలియో రోగి 2011 జనవరిలో వంగదేశమున కనబడెను. 2014 మార్చిలో ఈ దేశమునకు పోలియో లేదని ధ్రువపత్రము వచ్చెను. బొడ్డును కొడవలితోనో, వెదురు బద్దతోనో కోసి, పేడయో బూడిదయో అద్దుటచే పుట్టిన వారమునకే బిడ్డలు ధనుర్వాతమున పోవుచుండిరి. ఆ పీడ తొలగినదని 2015లో ప్రకటింపబడెను. ఇవి ఢిల్లీలో కూర్చున్నవారు చేసిన పనులు కావు. పెట్టె భుజమున వేసికొని పేటలు తిరిగిన స్త్రీలు చేసిన పనులు.

ఇక గర్భిణుల సంగతి. ప్రతి చూలాలిని మూడు నెలలు దాటకమునుపే పుస్తకమున వ్రాయవలెను. పురుడు వచ్చులోపల నాలుగు పర్యాయములకు తక్కువ కాకుండ పరీక్ష చేయవలెను. బరువు, రక్తపు పోటు, మూత్రము, రక్తము చూడవలెను. రక్తములో హీమోగ్లోబిను 11కు తక్కువైనచో రక్తహీనత. 7కు తక్కువైనచో ప్రాణాపాయము. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము చాలదని తేలినది. జింకు లోపించిన నారుమడిలో ఆకుమీద తుప్పు మచ్చ కనబడగానే మనము పరుగెత్తి మందు తెత్తుము. ఇంటి కోడలి కనురెప్ప లోపల తెల్లబడియున్నదా యని చూచుచున్నామా?

నర్సమ్మ 180 ఇనుప మాత్రలు ఇచ్చును. వానిని దినమున కొకటి చొప్పున మ్రింగవలెను. చాలయిండ్లలో అవి గూటిలో దీపపు కుందె ప్రక్కను నిలువయుండును. "వికారము చేయుచున్నది, నల్లగా విరేచనమగుచున్నది, బిడ్డ నల్లగా పుట్టునట" అని సాకులు. విరేచనము నల్లబడుట సహజము. బిడ్డ రంగునకు ఆ మాత్రకు సంబంధము లేదు. భోజనమైన రెండు గంటలకు నిమ్మకాయ నీళ్ళతో మ్రింగినచో వంటబట్టును. టీతోను పాలతోను మ్రింగినచో చాలవరకు వ్యర్థము. ఈ మాట చెప్పుటకు ఆమె ఒకే యింటికి మూడు మారులు పోవును. ఆ ఇంటి యజమాని అరుగుమీద కూర్చుండి, "ఆడువారి సంగతి ఆడువారితో చెప్పుము" అని పత్రిక చదువుకొనుచుండును. మా దృష్టిలో ఆ మాత్ర మ్రింగించుట యజమాని పనియే. గేదెకు దాణా మాటు తప్పనీయనివాడు ఈ పని చేయలేడా?

ముర్రుపాల విషయమును ఇట్టిదే. ఈనిన గేదె మొదటి పాలు దూడకు త్రాగింపనిచో దూడ దక్కదని పశువుల కాపరి పిల్లవానికి సైతము తెలియును. అదే యింట బిడ్డ పుట్టినచో మొదటి పాలు పిండి పారబోసి, తేనెయు పంచదార నీళ్ళును నాకించువారు ఇప్పటికిని కలరు. కానుపైన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు, ఆరు నెలలు నిండువరకు నీరైనను పోయరాదనియు నర్సమ్మ చెప్పునపుడు పెద్దలు దూడను తలచుకొన్న చాలును.

ఇంత చెప్పుచున్న యామె యింట సంగతి ఏమి? తన బిడ్డకు ఆరు నెలలు నిండినంతనే ఆమె పనిలోనికి వచ్చినది. ప్రసూతి సెలవు పూర్వము 12 వారములే యుండెను. 2017లో చట్టమును సవరించి 26 వారములు చేసిరి. అది గొప్ప మేలు. అయినను సెలవు ముగిసిన దినము తరువాత ఊరూర తిరుగు తల్లికి పాలు పట్టు వేళ ఎక్కడిది? ఎదురింటి బిడ్డ ఏడ్చినచో ఆమె రవిక తడియుచుండును. తన బిడ్డ అత్తగారి యొద్ద గిన్నెపాలు త్రాగుచుండును. మధ్యాహ్నము అత్తగారు బిడ్డనెత్తుకొని ఉపకేంద్రమునకు వచ్చుట ఒక్కొక్క యూరిలో మేము చూచినాము. "అమ్మాయీ, ముందు బిడ్డ సంగతి చూడుము, ఆ పుస్తకములు ఎక్కడికిని పోవు" అని కోడలి చేతిలోని కలము తీసి ప్రక్కన పెట్టు అత్తగారిని చూచినపుడు, కోడండ్రను గూర్చి అత్తలు చెప్పు మాటలన్నియు నమ్మనక్కరలేదని తోచినది.

పుస్తకములు ఎక్కడికిని పోవు నిజమే; అవి రాత్రికి ఇంటికే వచ్చును. చూలాండ్ర పుస్తకము, బిడ్డల పుస్తకము, మందుల చిట్టా, ఇవిగాక ట్యాబు. పగలు కాగితముమీద వ్రాసినదంతయు రాత్రి ట్యాబులో ఎక్కింపవలెను. ఊరిలో సిగ్నలు అందనిచో మేడమీదికి పోయి నిలువబడవలెను. బిడ్డ నిద్రపోయిన తరువాత తొమ్మిది మొదలు పదకొండువరకు ఈ పని. సంసారమున భార్యాభర్తలు మాటలాడుకొను వేళయు అదియే. "నా భార్య ఊరి చంటిబిడ్డల బరువులన్నియు చెప్పగలదు, మన కౌలు ఎంతయని అడిగినచో తెలియదు" అని ఒక భర్త నవ్వుచు చెప్పెను. నవ్వుచునే చెప్పెను గాని, ఆ నవ్వులో కొంత చేదు లేకపోలేదు. ఆ చేదు పెరుగకుండ ఉండవలెనన్నచో అతడు సాయంకాలము బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టుట నేర్చుకొనవలెను. కొందరు నేర్చుకొనిరి.

అన్నిటికన్న కష్టమైన సంగతి వేరొకటి కలదు. దానిని దాచి లాభము లేదు. రాత్రి పదకొండు గంటలకు పేటలో ఒకామెకు నొప్పులు వచ్చును. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి వచ్చువరకు ధైర్యము చెప్పుటకు నర్సమ్మకు కబురు వచ్చును. భర్త నీటి వంతునకు పోయియుండును. వచ్చిన మనుష్యుని మోటారు సైకిలు వెనుక కూర్చుండి ఆమె పోవును. చూలాలిని బండి యెక్కించి, వేకువను తిరిగివచ్చును. తల్లియు బిడ్డయు క్షేమము. కాని మరునాడు రచ్చబండ యొద్ద బిడ్డ మాట రాదు, "నర్సమ్మ రాత్రి ఎవరి బండిమీద పోయినది?" అను మాట వచ్చును. ఆ మాట మధ్యాహ్నమునకు అత్తగారి చెవిని పడును, రాత్రికి భర్త చెవిని పడును. ఇట్టి మాట ఒక్కటి చాలును, మంచి నర్సమ్మ బదిలీ అర్జీ వ్రాసికొనుటకు. జీతము చాలక పోవువారికన్న ఈ మాటకు భయపడి పోవువారే ఎక్కువయని మా యనుమానము. ఆ మాట అన్నవాని యింట పురుడు వచ్చినపుడు ఎవరు పోవుదురో అతడే ఆలోచించుకొనవలెను.

నర్సులకు కాపురమేమిటి యను తలంపు పాతది. పూర్వము ఆస్పత్రులలో పెండ్లికాని కన్యలను, వితంతువులను మాత్రమే శిక్షణకు తీసికొనుట వాడుక. పెండ్లియైనచో ఉద్యోగము మానవలసినదే. మన దేశపు మిలిటరీ నర్సుల కొలువులో 1977 నాటి ఉత్తరువు ప్రకారము పెండ్లియాడిన నర్సును తొలగింపవచ్చును. ఆ ఉత్తరువు 1995వరకు అమలులో నుండెను. పెండ్లి చేసికొన్నందులకు 1988లో కొలువు పోగొట్టుకొన్న యొక నర్సు న్యాయస్థానములను ఆశ్రయించి, 2024 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టువారిచే 60 లక్షల రూపాయల పరిహారము పొందెను. పెండ్లి కారణముగా స్త్రీని కొలువునుండి తొలగించుట అన్యాయమని ధర్మాసనమువారు స్పష్టముగా చెప్పిరి. నాటి ఉత్తరువు కాగితముమీద ఉండెను గనుక కోర్టు కొట్టివేయగలిగెను. రచ్చబండ ఉత్తరువు కాగితముమీద ఉండదు. దానిని కొట్టివేయవలసినది మనమే.

నర్సులు ఎంత అరుదుగా నుండిరో నేటివారికి తెలియదు. భోరు సంఘమువారు 1946లో ఇచ్చిన నివేదికలో బ్రిటిషు ఇండియా అంతటికిని 7,000 మంది నర్సులు, 5,000 మంది మంత్రసానులు కలరని వ్రాసిరి. అనగా 43,000 జనమునకు ఒక నర్సు, 60,000 జనమునకు ఒక మంత్రసాని. నేడు మన యూరిలోనే ఒకతె యున్నది. ఉన్నదానిని నిలుపుకొనుట మాట యిక చూతము.

ముందుగా, ఆమె చేయగూడని పని ఆమెను అడుగరాదు. కోతల దినములలో నడుము నొప్పియని వచ్చి, "ఒక బలము సూది వేయుము, సెలైను ఎక్కించుము" అని పట్టుపట్టువారు చాలమంది. సెలైను సీసాలో ఉన్నది ఉప్పు నీరు. బలము అందులో లేదు. ఆమె కాదన్నచో, "ఈ నర్సమ్మకు గర్వము" అని పేరు. దానికి బదులు ఆమె నిజముగా చేయగల ఉపకారమును తెలిసికొనవలెను. పురుగుమందు చల్లునపుడు కన్నులు మసకబారి, నోట నురుగు, చెమట, వాంతి వచ్చినచో, ఆ బట్టలు విప్పించి, ఒడలు సబ్బుతో కడిగి, మందు డబ్బాను చీటీతోసహా చేతబట్టుకొని ఆస్పత్రికి పోవలెను. తెలివి తప్పినవానికి వాంతి చేయింపరాదు. పాము కరచినచో కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట మూడును కీడే. కాలు కదలకుండ బద్ద కట్టి, విషపు విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని ఆ సూది పనిచేయును. ఎక్కడ ఆ సూది నిలువయున్నదో, బండి ఎంతసేపటిలో వచ్చునో చెప్పగలది నర్సమ్మ. మంత్రగాని యింటి అరుగుమీద గడచిన గంట తిరిగి రాదు.

తరువాత, మన సంఘము చేయదగినవి. సమాజముపట్ల శ్రద్ధ సహకార సూత్రములలో ఒకటియని 1995లో మాంచెస్టరులో జరిగిన అంతర్జాతీయ సహకార సభలో అంగీకరించిరి. మన తీర్మానములలో ఆ మాట తరచు వినబడును, పనిలో అంతగా కనబడదు. సంఘపు గిడ్డంగి ప్రక్కగది చాలచోట్ల గోనె సంచులతో నిండియున్నది. దానిని ఖాళీచేసి సున్నము వేయించినచో, టీకా దినములలో తల్లులు నీడను కూర్చుండుటకును, నర్సమ్మ తన బిడ్డను పండుకొనబెట్టుటకును పనికివచ్చును. నాట్లు, కోతలు ఏ పేటలో ఏ వారమో సంఘమునకు ముందుగానే తెలియును. ఆ సంగతి ఆమెకు చెప్పినచో టీకా వేళను ఉదయము ఆరింటికో, సాయంకాలమునకో మార్చుకొనుటకు పై అధికారులను అడుగగలదు. మేస్త్రులకు సంఘము తరఫున ఒక మాట చెప్పినచో ఆ అరగంట కూలి కోతపడదు. రాత్రి పిలుపు వచ్చినపుడు పిలిచినవారి యింటి స్త్రీ యొకతె కూడ వచ్చి తోడుగా పోవలెననియు, తిరిగి యింటివరకు దిగవిడువవలెననియు ఊరివారు నియమము చేసికొనవచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు. లంకలకు పోవు దినమున పడవవాడు ఆమెకొరకు కాచియుండునట్లు ఏర్పాటు చేయుటయు పెద్దపని కాదు. వరద దినములలో ఆమె ఒడ్డున గంటలకొలది నిలువబడుట చూచినవారికి దీని విలువ తెలియును.

వచ్చు మహాజన సభకు కార్యక్రమము ఇంకను ఖరారు కాలేదు. గిడ్డంగి గది, రాత్రి తోడు, పడవ, ఈ మూడు సంగతులు చర్చకు పెట్టదలచిన సభ్యులు అర్జీ వ్రాసి, మరియొక సభ్యునిచే బలపరపించి, నోటీసులు పోకముందే కార్యదర్శిగారికి అందజేయవచ్చును. బలపరచువారు స్త్రీ సభ్యులైనచో మంచిది. ఆ దినము సభకు నర్సమ్మను కూడ పిలిచి, ఆమెకు వీలైన వేళ ముందుగా అడిగి తెలిసికొనవలెను. బుధ, శనివారములు మాత్రము పెట్టవలదు.